పదకొండు వందల నలభై మూడు ఇళ్లు

ఆళ్లగడ్డలో రత్నా కేబుల్‌కు ఎన్ని ఇళ్లున్నాయో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే ఇద్దరని సుబ్బరత్నమ్మ పదిహేనేళ్లుగా నమ్మింది. ఒకరు తను, రెండోవాడు హుస్సేన్ పీరా. తన స్టీలు సామాన్ల కొట్టు మీది గదిలో డిష్షులకు పెట్టుబడి పెట్టింది ఆమె. మిద్దె మిద్దెకూ ఎక్కి వైరు లాగింది అతను. పే చానళ్ల సిగ్నల్ ఇచ్చే కంపెనీకి ఇద్దరూ కలిసి చెప్పే సంఖ్య మూడు వందల పది. చుట్టుపక్కల కేబుల్ వాళ్లంతా చేసే పనే అది, ఆమె ఒక్కతే కనిపెట్టిన విద్యేం కాదు. అసలు సంఖ్య మాత్రం ఇనప బీరువాలో, ఎర్ర అట్ట పుస్తకంలో భద్రంగా ఉంటుంది.

అలాంటి సంఖ్య పోయిన సోమవారం బట్టబయలైంది. నంద్యాల నుంచి వేగవతి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మేనేజరు జయంత్ వచ్చి, మీ లైన్ల మీద మేము ఇంటర్నెట్ ఇస్తాం, సంతకం పెట్టండి మేడమ్ అంటూ బల్ల మీద ఒప్పందం పెట్టాడు. దాని పక్కనే ఇంకో కాగితాల కట్ట పెట్టాడు. వీధి వీధీ, ఇల్లు ఇల్లూ, పదకొండు వందల నలభై మూడు పేర్లు! ఎక్కడిదయ్యా ఇది అంటే నవ్వి ఊరుకున్నాడు. శుక్రవారం దాకా గడువిచ్చి కారెక్కాడు.

ఇక ఆమె మనసు మనసులో లేదు. పీరా అన్న కొడుకు ఇర్ఫాన్ రెండు నెలల కిందటే ఆ కంపెనీలో చేరాడు. రెండూ రెండూ కలిపితే నాలుగే కదా అనుకుంది. బుధవారం సాయంత్రం కొట్లో నలుగురు గిరాకీలుండగానే, "జాబితా ఎంతకమ్మినావ్ పీరా?" అని అడిగేసింది. పీరా చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. కొట్టు దిగి వెళ్లిపోయాడు. గురువారం తెల్లారి కొట్టు ముందుకొచ్చి, మెట్టు కూడా ఎక్కకుండా, "నంద్యాలకు పోదాం పా అక్కా. ఆ సార్ ముందరే అడుగు నన్ను" అన్నాడు.

బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది, అతను వెనక సీటుకు పోయాడు. కండక్టర్ వచ్చి "ఇద్దరికా అమ్మా?" అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి "నాది నేను తీసుకుంటా" అని వినబడింది. పదిహేనేళ్లలో ఎన్నిసార్లు ఈ దారిన పోయారో లెక్కలేదు, టికెట్లు వేరువేరుగా తీసుకోవడం ఇదే మొదలు. తీసుకోనీ! తప్పు చేసినవాడికే అంత పౌరుషం ఉంటుందని ఆమె కిటికీ వైపు తిరిగింది.

శిరివెళ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు ఆగితే బస్సు పావుగంట నిలబడిపోయింది. ఆ పావుగంటా ఆమె తల బద్దలు కొట్టుకుంది. కొడుకు నిఖిల్ మాటలు చెవిలో జోరీగలా తిరుగుతున్నాయి. వాడు నంద్యాలలోనే కంప్యూటర్ డిగ్రీ చదివి ఇంటికొచ్చి రెండేళ్లయింది. "సంతకం పెట్టెయ్ మా. మోడెమ్ ఊరికే, సామాను ఊరికే, మనకు నూటికి ముప్పై. మిద్దెలెక్కే కాలం అయిపోయింది" అని ఒకటే పోరు. ఊరికే అన్న మాట వినబడితే చాలు ఆమెకు ఒళ్లంతా చెవులవుతాయి. గరిటె కొంటే స్పూను ఊరికే ఇచ్చే కొట్టు ఆమెది. ఆ స్పూను ధర గరిటెలో ఎక్కడ దాచాలో ఆమెకు తెలియదా ఏం? అందుకే నిఖిల్‌కు అసలు మాట చెప్పలేదు. గిన్నెల లోడ్ చూసుకుని వస్తానని చెప్పి బయల్దేరింది.

నంద్యాలలో దిగగానే పీరా జయంత్ ఆఫీసు వైపు నడవబోయాడు. ఆమె ఆపింది.

"ముందు దేవరాజు కాడికి పోదాం."

"ఆయప్పతో ఏం పని?"

"వీళ్లది ఒక బేరం, ఆయనది ఒక బేరం. రెండూ చెవిన పడితే గదా ఏది మోసమో తెలిసేది."

దేవరాజు శ్రీనివాస సెంటర్ వెనక సందులో ఉంటాడు. నంద్యాలలో పాత కేబుల్ మనిషి. రెండేళ్లుగా అతను కూడా ఇంటర్నెట్ అమ్ముతున్నాడు. ఆఫీసంటే ఆఫీసేం కాదు, సైకిళ్ల షాపు మీద రేకుల గది. లోపల నాలుగు టీవీలు, మిణుకుమిణుకుమనే పెట్టెలు, గోడకు చుట్టలు చుట్టలుగా నీలం వైర్లు. వాళ్లను చూడగానే అతను కుర్చీలు తుడిచాడు.

"రా రత్నమ్మా. వేగవతోళ్లు నీ కాడికి వచ్చినారంట గదా."

"నీకెవరు జెప్పినారు?" అంది ఆమె కూర్చోకుండానే.

"ఊరంతా జెప్పుకుంటాండారు. నన్ను కూడా దొంగను జేస్తావేంది, కూచో."

కూర్చుంది. దేవరాజు బల్ల కింద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి ముందు పెట్టాడు. అరచేతంత పెట్టె లోపల నల్లగా మాడిపోయి ఉంది.

"మొన్న పిడుగుకు పోయింది. ఒక్కటి కాదు, ఒకే వీధిలో తొమ్మిది. నా బేరంలో ఉండే రోగం ఇదే, ముందే జెప్తాండా. నేను టెలిఫోనోళ్ల కాడ పెద్ద లైను టోకున తీసుకుంటా. నీకు టోకున ఇస్తా. నువ్వు మిద్దె మిద్దెకూ ఈ నీలం వైరు లాక్కుని చిల్లరకు అమ్ముకో. పెట్టె నీది, వైరు నీది, బిల్లు మీద పేరు నీది. మాడిపోతే నష్టం కూడా నీదే."

"సాయంత్రం పూట లాగుతాదా?" అన్నాడు పీరా. ఆళ్లగడ్డ దాటినప్పటి నుంచి అతను మామూలు గొంతుతో అడిగిన మొదటి మాట అది. పని మాట వస్తే అతనికి కోపతాపాలు గుర్తుండవు.

"లాగదు. పిల్లోళ్లంతా ఒకేసారి కూచుంటే నత్త నడకే. అబద్ధమేంటికి జెప్పేది?"

"మరి వాళ్లది?"

"వాళ్లది బాగా లాగుతాది పీరా. ఆ మాట కూడా అబద్ధం జెప్పను. నీ టీవీ వైరు మీదే పోతాది గదా, కొత్తగా లాగే పని కూడా ల్యా. కాని జూడు, ఇన్నాళ్లూ నీ లైన్లో బొమ్మ నీ కాడినుంచి ఇంటికి పోయేది, అంతే. ఇంటర్నెట్‌కు ఇంట్లోనుంచి వెనక్కి కూడా రావల్ల. సిగ్నల్ పెంచే నీ పాత బూస్టర్ పెట్టెలు వెనక్కి రానీవు. అందుకని అవి పీకేసి వాళ్లవి బిగిస్తారు, ఊరికే. ఆ పెట్టెకు వాళ్ల సీలు. సీలు పడినాక నువ్వు కూడా దాని మీద చెయ్యి బెట్టేకి ల్యా. ఎవరింటికి ఇయ్యల్ల, ఎవరింటికి ఆపల్ల, అంతా ఈడ ఏసీ గదిలో కూచున్నోడు జూసుకుంటాడు. ఇంగ జెప్పు, లైను ఎవరిది?"

 సుబ్బరత్నమ్మ పెట్టెలన్నీ మనసులో లెక్కపెట్టుకుంది. ఆళ్లగడ్డలో అలాంటి పెట్టెలు ముప్పై రెండున్నాయి. ఒక్కొక్కటి ఏ మిద్దె మీదుందో, ఆ మిద్దె ఇచ్చినందుకు ఆ ఇంటివాళ్లకు ఏ పండక్కి ఏ గిన్నె ఇచ్చిందో ఆమెకు నోటికొచ్చు.

"రుద్రవరంలో కేబుల్ నడిపే డేనియల్‌ను అడుగు, తెలుస్తాది" అన్నాడు దేవరాజు. "పోయినేడు సంతకం బెట్టినాడు. నూటికి ముప్పై అన్నారు. ఆర్నెల్లకే పన్నెండు జేసినారు. ఏందప్పా ఇది అంటే, ఇష్టం లేకుంటే మానుకో, మా కస్టమర్లకు మా మనుషులు ఉండారన్నారంట. మా కస్టమర్లంట! వాళ్ల మిద్దెలెక్కి వాన్లో తడిసినోడు డేనియల్."

"నీకేం లాభం ఇవన్నీ నాకు జెప్పేకి?" అంది ఆమె.

దేవరాజు పకపకా నవ్వాడు. "నువ్వు మారవు రత్నమ్మా. నా టోకు బేరం నీకు అమ్ముకునేది ఉండాది గదా, అదే లాభం. ఇంగొకటి. సంతకం కంటే ముందు వాళ్లకు కావాల్సింది ఇండ్ల జాబితా. అది వాళ్ల చేతికి చేరిందంటే, నువ్వు సంతకం బెట్టకపోయినా ఇంటింటికీ పోయి తలుపు కొడతారు. నీది చేరినట్టుందే?"

ఆమె పీరా వైపు చూసింది. పీరా మాడిన పెట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ తల ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాడు అనుకుంది ఆమె.

వేగవతి ఆఫీసు పద్మావతి నగర్‌లో అద్దాల మేడ. తలుపు తీసింది ఎవరనుకున్నారు? ఇర్ఫానే! మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. పీరాను చూడగానే "చిచ్చా!" అని ముఖం విప్పార్చుకుని ముందుకొచ్చాడు. పీరా తలాడించి పక్కకు జరిగాడు. చూసావా నాటకం, ఒకరికొకరు తెలియనట్టు, అని ఆమె పళ్లు నూరుకుంది.

జయంత్ లేచి నిలబడ్డాడు. విజయవాడ మనిషి, మాటకు ముందొక చిరునవ్వు, వెనకొక చిరునవ్వు.

"మేడమ్! ఒక్క ఫోన్ కొడితే కారు పంపేవాణ్ణి కదండీ. కాఫీ తాగుతారా, కూల్‌డ్రింకా?"

"ఏమీ వద్దు. ఆ జాబితా నీకెవరిచ్చినారు? ఈ పీరా ముందరే జెప్పల్ల."

"ముందు మన వ్యాపారం మాట్లాడుకుందామండీ" అంటూ అతను తెల్లబోర్డు దగ్గరికెళ్లి రెండు గళ్లు గీశాడు. "ఇటు దేవరాజుగారి పద్ధతి. పెట్టుబడి మీది, రిపేరు మీది, పిడుగు పడితే ఏడుపూ మీదే. ఇటు మాది. పెట్టుబడి మాది, రిపేరు మాది. మీరు కూర్చుని నెలనెలా వాటా తీసుకోవడమే. రాత్రింబగళ్లు వాడుకున్నా ఒకటే రేటు. ఫోన్ లైన్ మీద వాడినట్టు నిమిషాలు లెక్కపెట్టుకునే బాధ లేదు. మీ ఊళ్లో పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి నంద్యాల బస్సెక్కుతున్నారండీ ఇంకా. రెండు వేల ఏడులో ఉన్నాం మేడమ్."

"బిల్లు మీద పేరు?"

"కంపెనీదండీ. అదొక చిన్న ఫార్మాలిటీ."

"నూటికి ముప్పై ఎన్నేండ్లు?"

జయంత్ చిరునవ్వు ఒక్క క్షణం తడబడింది. "పరిస్థితిని బట్టి సమీక్షించుకుంటామండీ."

"డేనియల్‌ది ఆర్నెల్లకే సమీక్షించినారంట" అన్నాడు పీరా, గోడ వైపు చూస్తూ.

 సుబ్బరత్నమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "జాబితా సంగతి జెప్పు స్వామీ! ఎంతిచ్చి కొన్నావ్? వీనికిచ్చినావా, వీళ్ల ఇర్ఫాన్‌కు ఇచ్చినావా?"

"కొనడమేంటండీ!" జయంత్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆపుకోలేక నవ్వాడు. "మేడమ్, మీరేగా టీవీలో వేసింది?"

"ఏందీ?"

అతను సొరుగులోంచి ఒక సీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టి, తెరను ఆమె వైపు తిప్పాడు. అహోబిలం గుడి బొమ్మ. కింద పసుపురంగు పట్టీ మీద అక్షరాలు మెల్లగా ఎడమకు జరుగుతున్నాయి. "రత్నా కేబుల్ కుటుంబ సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు. పాత బస్టాండ్ వీధి: జాన్ గారు, పాల కేంద్రం. సుష్మ టీచర్ గారు. కమలాక్షమ్మ గారు..."

సుబ్బరత్నమ్మ తెర మీదికి వంగింది. ప్రతి ఉగాదికీ మూడు రోజుల పాటు తన లోకల్ చానల్లో తనే వేయించే పట్టీ అది! ఒక ఏడాది ఎవరి పేరో తప్పిపోతే ఆ ఇంటావిడ కొట్టుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటి నుంచి ఒక్క పేరు తప్పడానికి వీల్లేదని ఎర్ర పుస్తకం ముందు పెట్టి నిఖిల్ చేత టైపు చేయించింది. వీధుల వరసలో వేస్తే, మన వీధి ఎప్పుడొస్తుందా అని పిల్లాజెల్లా టీవీ ముందు కూర్చుంటారు. పేరు రాగానే కేకలు. ఆ కేకలు కొట్లోకి వినబడితే ఆమెకు కడుపు నిండేది. సిగ్నల్ కంపెనీకి మూడు వందల పది అని ఒట్టేసి చెబుతూ, మూడు రోజులు ఊరందరి ఎదుటా పదకొండు వందల నలభై మూడు పేర్లూ చదివించింది తనే. ఆళ్లగడ్డ లోకల్ చానల్ నంద్యాలలో ఎవడు చూస్తాడులే అనుకుంది. ఎంత పప్పులో కాలేసింది!

పైగా కమలాక్షమ్మ! సంక్రాంతి దాటగానే చనిపోయిన మనిషి. ఎర్ర పుస్తకంలో ఆమె పేరు తన చేత్తోనే కొట్టేసింది. నిఖిల్ పాత ఫైలే మళ్లీ వేసినందుకు ఆ ఉగాది నాడు వాణ్ణి తిట్టింది కూడా. జయంత్ తెచ్చిన జాబితాలోనూ కమలాక్షమ్మ ఉంది. ఆ రోజే చూసింది, చూసి కూడా పట్టించుకోలేదు. పుస్తకం నుంచి వచ్చిన జాబితా అయితే ఆమె పేరు ఎందుకుంటుంది?

"ఇందులో దొంగతనం ఏముందండీ?" అంటున్నాడు జయంత్. "మీ శ్రేయోభిలాషి ఒకరు రికార్డు చేసి ఇచ్చారు, మావాళ్లు రాసుకున్నారు, అంతే. ఇంకొక్క మాట. మీకు పే చానళ్లు ఇచ్చే కంపెనీ, మేమూ ఒక యాజమాన్యమేనండీ. వాళ్ల దగ్గర మీది మూడు వందల పది అని ఉంది. మీరు మావాళ్లయితే ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది. లేదంటే రేపటి నుంచి సిగ్నల్ ఉంటుందో లేదో నేను చెప్పలేను. రేపే కదా శుక్రవారం?"

చిరునవ్వు అలాగే ఉంది. ఆమెకు ఆ చిరునవ్వు మీద గరిటె పుచ్చుకుని ఒక్కటి వేయాలనిపించింది. కుర్చీ వెనక్కి తోసి లేచింది. లేస్తూ పీరా ముఖం చూసి ఆగిపోయింది. అతను తెర వైపే చూస్తున్నాడు. పేర్ల వైపు కాదు, గుడి బొమ్మ వైపు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

బయట ఎండ మాడ్చేస్తోంది. మలుపులో సోడా బండి నీడన ఆమె అతన్ని నిలబెట్టింది.

"జాబితా నువ్వు అమ్మలేదు. సరే, అది నా తప్పే, ఒప్పుకుంటాండా. కాని ఆ సీడీ జూసి నీ ముఖం ఏంటికట్లయింది? రికార్డు చేసింది నువ్వేనా?"

"అడగొద్దక్కా."

"అడుగుతా. పదిహేనేండ్లు నీ మాట మీద నిలబడినా. అడిగే హక్కుండాది."

"నిన్న నలుగురి ముందర అడిగినావ్. అప్పుడు కూడా హక్కే గదా." అన్నాడు పీరా. "గుండెలో గునపం దిగినట్టయిందక్కా నాకు. ఇంటికి పోయి షాహజాదీకి కూడా జెప్పలే. అన్నం తినలే. అయినా ఈ మాట నా నోటి నుంచి రావద్దు. వద్దులే, పోదాం పా."

"జెప్పు పీరా. నా మీదొట్టు."

సోడా బండివాడు వింత చూస్తున్నాడు. పీరా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, అవసరానికి మించి చాలాసేపు తుడుచుకున్నాడు.

"గుడి గోపురం రెండు గోపురాల మాదిరి కనబడ్లా నీకు? ఒకదాని పక్కన ఇంగొకటి, నీడ మాదిరి?"

"ఏమో, పేర్లే జూసినా నేను."

"నేను బొమ్మే జూస్తా, నా పని అది గదా. వైరు అతుకులదైతే బొమ్మకు నీడ పడతాది. మన లైన్లో అట్లాంటి అతుకులు యాడా ల్యా. ఎవరింటికైనా ఒకటే ముక్క, నాకు తెలీకుండా ఒక్క అతుకు పడదు. ఒక్క ఇంట్లోనే నాలుగు అతుకులుండాయి. రెండో టీవీకి వైరు లాగేటప్పుడు, మనింటికి కొత్త వైరేంటికి, మిగిలిన ముక్కలు కలిపి వెయ్యమన్నావ్ నువ్వు."

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. తన ఇంటి మిద్దె మీది గది. అక్కడుండేది నిఖిల్. పోయినేడు కంప్యూటర్‌లోనే టీవీ చూసుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చని ఏదో కార్డు కొన్నాడు. వేగవతిలో మేనేజరు ఉద్యోగాలు పడతాయని ఒకసారి అన్నాడు, తను నవ్వి ఊరుకుంది. పాత ఫైలు, కమలాక్షమ్మ పేరు, సంతకం పెట్టెయ్ మా అనే పోరు... ఒక్కొక్కటే వచ్చి కళ్ల ముందు కూర్చుంది.

"వాడు తెలీక ఇచ్చింటాడు" అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"అట్లనే అనుకుందాం అక్కా" అన్నాడు పీరా మెల్లగా.

ఆ మెతకదనానికే ఆమెకు ఏడుపొచ్చింది. కన్నకొడుకు గదిలో నుంచి పోయిన దానికి, తనతో కలిసి కూడబెట్టినవాణ్ణి నలుగురి ముందు దొంగను చేసింది. కొంగుతో కళ్లు అద్దుకుని, "నిన్న నోరు జారినా పీరా. ఆ నలుగురి ముందరే నేను మళ్లీ జెప్తా, తప్పు నాదేనని" అంది. అతను తలూపాడు, అవుననీ కాదు, కాదనీ కాదు.

అప్పుడు మోగింది పీరా ఫోన్. అతని భార్య షాహజాదీ. అతను ఉర్దూలో రెండు మాటలు విని, మూడో మాటకు బిర్రబిగుసుకుపోయి, ఫోన్ సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టాడు.

"అక్కా, నేను షాహజాదీని. మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పైన మన పెద్ద బూస్టర్ పెట్టె ఉండాది గదా, అది పీకి కొత్తది బిగిస్తాండారు. నువ్వే పంపినావంట?"

"ఎవరు జెప్పినారు?"

"నిఖిలే. మా అమ్మ జెప్పింది పిన్నీ అని నిచ్చెన అడిగి తీసుకున్నాడు. ఎవరో కంపెనీ ఆయన కూడా వచ్చినాడు."

ఊరికి తూర్పున ఉండే ఇళ్లన్నీ ఆ ఒక్క పెట్టె మీద ఆధారపడ్డవే, నాలుగు వందల పైచిలుకు. శుక్రవారం దాకా గడువని చెప్పి గురువారమే పని మొదలుపెట్టారన్నమాట. వాళ్లు మొదలుపెట్టడం కాదు, తన కొడుకే దగ్గరుండి మొదలుపెట్టించాడు.

"సీలేసినారా?" అంది.

"ఏమో అక్కా. ఆ కంపెనీ ఆయన ఇంగా ఏందో తెచ్చేకి కిందికి దిగి జీపు కాడికి పోయినాడు. నిఖిల్ ఒక్కడే ట్యాంకు మీదుండాడు. ఎండగుండాదని మజ్జిగ కలుపుతాండా వానికి."

సుబ్బరత్నమ్మ కళ్లు మూసుకుంది. ఆళ్లగడ్డ బస్సు దొరికినా గంటపైనే పడుతుంది. ట్యాంకు ఎక్కడానికి మెట్లు లేవు, ఆ నిచ్చెన ఒక్కటే దారి. కళ్లు తెరిచింది.

"మజ్జిగ తర్వాత షాహజాదీ. బిరబిరా మిద్దెక్కి ఆ నిచ్చెన లాక్కో. ఇంట్లో పెట్టి తలుపు గొళ్లెం బెట్టుకో. ఆ కంపెనీ ఆయన వచ్చి అడిగినా ఇయ్యద్దు."

"అదేందక్కా! నిఖిల్ దిగేదెట్ల?"

"దిగొద్దు. నేను వచ్చి దింపేదాకా వాన్ని ఆడ్నే కూచోనీ."

ఫోన్లో మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెనకే రేకుల మీద ఏదో రాసుకున్న శబ్దం, తర్వాత దూరంగా నిఖిల్ గొంతు.

"పిన్నీ! ఓ పిన్నీ! నిచ్చెన యాడికి తీస్కపోతాండావ్?"